ప్రభుత్వ నిధులతో నడిచే స్వచ్ఛంద సంస్థలు, వాటి ప్రభావ నివేదికలు: గోదావరి డెల్టా సంస్థల కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వ గ్రాంటుతో నడిచే సంస్థలు డెల్టాలో చాలా రకాలున్నాయి. వృద్ధాశ్రమాలు, మత్తు విముక్తి కేంద్రాలు, దివ్యాంగ బాలల పాఠశాలలు, హెచ్‌ఐవీ నివారణకు పనిచేసే సంఘాలు, కంటి ఆసుపత్రులు, కుట్టు శిక్షణ కేంద్రాలు, కోరింగ వైపు మడ మొక్కలు నాటే సమితులు వాటిలో కొన్ని. వీటిని నడిపేవారు, వీటికి నిధులిచ్చే శాఖల్లో ఫైళ్లు చూసేవారు, వీటి సేవలు పొందే ఊళ్లవారు ప్రభావ నివేదికల గురించి, అంటే సంస్థ పని వల్ల జనం బతుకుల్లో ఏం మారిందో చెప్పే నివేదికల గురించి, తరచుగా అడిగే ప్రశ్నలను, వాటికి మా జవాబులను ఇక్కడ చేర్చాము.

ఏటా ఆడిట్ చేయిస్తున్నాం, వినియోగ ధ్రువపత్రం ఇస్తున్నాం. ఇక వేరే నివేదిక ఎందుకు?

వినియోగ ధ్రువపత్రం, అంటే మనమందరం యూసీ అని పిలిచే కాగితం, డబ్బు మంజూరైన పనికే ఖర్చయిందని చెబుతుంది. ఆ ఖర్చు వల్ల ఎవరి బతుకులో ఏం మారిందన్నది వేరే ప్రశ్న. అయితే నియమాలు రెండో ప్రశ్నను అడగడం లేదనుకోవడం పొరపాటు. కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళి 2017లోని 238వ నియమం ప్రకారం, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా 12-ఎ నమూనాలో ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో పరిమాణంలోనూ నాణ్యతలోనూ పెట్టుకున్న లక్ష్యాలు నెరవేరాయో లేదో, నెరవేరకపోతే కారణాలేమిటో తెలపాలి. పెట్టిన ఖర్చును బట్టి కాక, సాధించిన పనిని బట్టి అంచనా ఉండాలని కూడా ఆ నియమమే చెబుతోంది. ఆచరణలో మాత్రం ఆ చోట "లక్ష్యాలు నెరవేరినవి" అనే ఒక్క ముక్క రాసి, ఆడిటర్ సంతకం పెట్టించి పంపడం అలవాటైపోయింది. మంచి ప్రభావ నివేదిక అంటే ఆ ఒక్క ముక్క స్థానంలో రావలసిన అసలు సమాధానమే.

ఎంతమందికి సేవ అందించామో కచ్చితంగా లెక్క చెబుతున్నాం. అది చాలదా?

ఆ లెక్క అవసరమే. అయితే నివేదిక అక్కడితో ఆగిపోవడమే ఇప్పుడున్న పెద్ద లోపం. కంటి శిబిరాలను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

జాతీయ అంధత్వ నియంత్రణ కార్యక్రమం 1976 నుంచి ఉంది. అందులో పాల్గొనే స్వచ్ఛంద ఆసుపత్రులకు శుక్లాల ఆపరేషన్‌కు ఇంత చొప్పున ప్రభుత్వం చెల్లిస్తుంది. డబ్బు ఆపరేషన్ల సంఖ్యతో ముడిపడి ఉంది కాబట్టి నివేదిక కూడా ఆ సంఖ్య చుట్టూనే తిరుగుతుంది. కానీ రాజోలు మండలంలోని ఒక ఊరి నుంచి వ్యానులో వెళ్లి ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ముసలమ్మకు కావలసింది సంఖ్య కాదు, చూపు. ఆరు వారాల తర్వాత ఆమె ఎంత దూరం చూడగలుగుతోంది, చుక్కల మందు వాడిందా, అద్దాలు అందాయా, తనంతట తాను పెరట్లోకి వెళ్లగలుగుతోందా అన్నవి నివేదికలో ఎక్కడా కనిపించవు.

కొలవడం కష్టమని ఇక్కడ తప్పించుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే కొలబద్ద సిద్ధంగా ఉంది. ఆపరేషన్ అయిన కళ్లలో కనీసం 80 శాతానికి, రోజూ వాడే అద్దాలతో గానీ అద్దాలు లేకుండా గానీ, 6/18 (మామూలు కంటికి 18 మీటర్ల నుంచి కనిపించేదాన్ని ఆరు మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకంటే మెరుగైన చూపు రావాలని, 6/60 కంటే తక్కువ చూపుతో మిగిలేవి 5 శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం పెట్టింది. అక్షరాల చార్టు ఒకటి, ఆరు మీటర్ల ఖాళీ జాగా, రోగులు తిరిగి చూపించుకోవడానికి వచ్చే ఒక రోజు ఉంటే ఈ కొలత పూర్తవుతుంది. రానివారు ఎందరో కూడా రాయాలి. చూపు సరిగా రానివారే మళ్లీ ఆసుపత్రి గడప తొక్కకపోయే అవకాశముంది కాబట్టి, వచ్చినవారిని మాత్రమే లెక్కించి తీసిన శాతం నిజం కంటే అందంగా కనిపిస్తుంది.

కుట్టు శిక్షణకూ ఇదే వర్తిస్తుంది. ఎంతమందికి ధ్రువపత్రాలు, ఎన్ని మిషన్లు ఇచ్చారన్న వివరంతో పాటు, ఏడాది తర్వాత ఎన్ని మిషన్లు నడుస్తున్నాయి, ఎన్ని మూలన పడ్డాయి, ఎన్ని అమ్ముడుపోయాయి, కుడుతున్నవారికి నెలకు ఎంత మిగులుతోంది అన్నవి ఉండాలి. నరసాపురం వైపు లేసు అల్లే మహిళల విషయంలో అయితే ఇంకొక ప్రశ్న అదనంగా చేరుతుంది. శిక్షణ తర్వాత కూడా వారు అదే ఏజెంటుకు, అదే కూలికి అల్లుతున్నారా, లేక కొనేవారితో నేరుగా బేరమాడగలుగుతున్నారా?

మా సంస్థలో ముగ్గురే ఉన్నారు. ఇంత సర్వే ఎక్కడ చేయగలం?

అందరినీ కలవనవసరం లేదు. రిజిస్టరు తెరిచి ప్రతి అయిదో పేరునో, ప్రతి పదో పేరునో వరసగా ఎంచుకుని, ఆ వ్యక్తులనే వెతికి పట్టుకుని అడిగితే చిన్న సంస్థకు సరిపోతుంది. ఎంచుకున్న మనిషి దొరకలేదని పక్కింటివారిని అడగకూడదు. దొరకలేదన్న సంగతినే నమోదు చేయాలి.

ఈ నియమాన్ని డెల్టాలో మరీ గట్టిగా పాటించాలి. అడగడానికి సులువుగా దొరికేవారు తారురోడ్డు పక్కన, కాలువ గట్టు మీద, మండల కేంద్రానికి దగ్గరలో ఉంటారు. పంటు ఎక్కి పాయ దాటితే గానీ చేరలేని లంక గ్రామాల్లో ఉండేవారి పేర్లు రిజిస్టరులో ఉన్నా, సర్వేలో మాయమవుతుంటాయి. సేవ సగంలో ఆగిపోయేది ఎక్కువగా అక్కడే కనుక, వారిని వదిలేసిన సర్వే ఫలితాన్ని పెంచి చూపుతుంది. పది మందిని అడిగే ఓపికే ఉన్నా సరే, వారిలో లంకవాసులు ఉండేలా చూసుకుంటే, రోడ్డు పక్కన వంద మందిని అడిగినదాని కంటే ఆ నివేదికే మేలు.

సర్వే ఏ నెలలో చేయాలి?

ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది కాబట్టి అన్ని సంస్థలూ ఫిబ్రవరి, మార్చి నెలల్లో హడావుడిగా ఇళ్లు తిరుగుతాయి. డెల్టాలో అప్పటికి దాళ్వా (రబీ) వరి ఇంకా చేలోనే ఉంటుంది. కౌలు రైతు కుటుంబాన్ని ఆ నెలలో ఆదాయం గురించి అడిగితే అప్పులే వినిపిస్తాయి. కోతలయ్యాక అడిగితే మరో జవాబు వస్తుంది. కాబట్టి ఆదాయం మీద ప్రభావం చూపే కార్యక్రమమైతే మొదటి సర్వే, చివరి సర్వే రెండూ ఒకే పంటకాలంలో, ఒకే నెలలో జరగాలి. సార్వా (ఖరీఫ్) ఊడ్పుల వేళ ఒకటి, దాళ్వా నూర్పిళ్ల తర్వాత ఒకటి చేసి రెండింటి తేడాను మన కార్యక్రమ ఫలితంగా చూపితే అది కాలువ నీటి ఘనతే అవుతుంది.

వరదల సంగతి కూడా ఉంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్లినప్పుడు కోనసీమ లంకలు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. అలాంటి ఏడాదిలో బడి హాజరు తగ్గినా, కుటుంబ ఆదాయం పడిపోయినా సంస్థ విఫలమైందని తేల్చడం అన్యాయం. అలాగే మరుసటి ఏడాది అవే అంకెలు మామూలు స్థాయికి చేరుకుంటే దాన్ని విజయంగా ప్రకటించుకోవడమూ తప్పే. వరద ఏ తేదీల్లో వచ్చింది, ఏ ఊళ్లు మునిగాయి అన్న రెండు వాక్యాలు నివేదికలో ఉంటే చదివేవారికి ఈ చిక్కు ఉండదు.

మార్పు వచ్చింది. అది మా వల్లే వచ్చిందని ఎలా నిరూపించాలి?

చాలా సందర్భాల్లో పూర్తిగా నిరూపించలేరు, నిరూపించినట్టు రాయకూడదు కూడా. ఒక సంస్థ సాయంకాలపు ట్యూషన్ కేంద్రాలు పెట్టి, మత్స్యకార గ్రామాల్లో పిల్లల బడి హాజరు పెరిగిందని చూపుతోందనుకుందాం. అదే కాలంలో, 2020 జనవరిలో, బడికి పంపే తల్లికి ఏడాదికి 15,000 రూపాయలిచ్చే అమ్మ ఒడి పథకం మొదలైంది. దానికి 75 శాతం హాజరు నిబంధన కూడా పెట్టారు. ఇప్పుడు పెరిగిన హాజరులో ట్యూషన్ కేంద్రం వాటా ఎంత?

దీనికి అందుబాటులో ఉన్న మార్గం పోలిక. ట్యూషన్ కేంద్రం లేని, మిగతా విషయాల్లో ఇంచుమించు అలాంటిదే అయిన పొరుగు గ్రామాన్ని ఎంచుకుని, ప్రధానోపాధ్యాయుని అనుమతితో అక్కడి హాజరు అంకెలు కూడా తీసుకోవాలి. పథకం రెండు ఊళ్లకూ వర్తించింది కాబట్టి, రెండు ఊళ్ల మధ్య కనిపించే తేడాలోనే మీ వాటా ఉండే అవకాశం ఉంది. తేడా ఏమీ లేకపోతే, హాజరు మీద మీ కేంద్రం ప్రభావం కనిపించలేదని రాసి, చదవడం, లెక్కలు చేయడంలో పిల్లలు ముందుకెళ్లారేమో చూడండి. బహుశా మీ పని ఫలితం అక్కడ కనిపించవచ్చు. పోల్చడానికి ఊరే దొరకని పక్షంలో "మేమూ ఒక కారణం" అనే మాటకు పరిమితం కావడం మర్యాద. అలా రాసిన సంస్థ మీద అధికారికి నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదని మా అభిప్రాయం.

అనుకున్నది జరగకపోతే అదీ రాయాలా? రాస్తే వచ్చే ఏడాది గ్రాంటు ఆగిపోదా?

ఇది అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న, సబబైన భయం కూడా. రాయాలి. నెరవేరని లక్ష్యాలకు కారణాలు చెప్పమని పైన చెప్పిన నియమమే కోరుతోంది కాబట్టి, కారణాలతో సహా వైఫల్యాన్ని చెప్పడం నియమోల్లంఘన కాదు, దాన్ని దాచడమే ఉల్లంఘన.

మడ మొక్కల ఉదాహరణ తీసుకుందాం. నాటిన రోజు లక్ష మొక్కలు నాటామని రాయడం ఎవరికైనా తేలిక. పోటు నీరు సరిగా ఎక్కని మెరక మీద నాటినా, అలలకు ఒండ్రు కొట్టుకుపోయే చోట నాటినా, పశువులు మేసినా రెండేళ్లలో అక్కడ ఏమీ మిగలకపోవచ్చు. మూడో ఏడు వెళ్లి లెక్కపెట్టి, ఫలానా పాయ ఒడ్డున బతికినవి ఇన్ని, ఫలానా చోట ఏమీ బతకలేదు, అక్కడ నీరు లోపలికి రావడానికి పిల్ల కాలువలు తవ్వకుండా నాటడం వల్ల ఇలా జరిగింది అని రాసిన నివేదిక తరువాత నాటే ప్రతి సంస్థకూ పనికొస్తుంది. కేంద్రం 2023 జూన్ 5న మడ అడవుల పెంపకానికి మిష్టీ పథకాన్ని ప్రారంభించింది కాబట్టి ఇలాంటి సమాచారానికి విలువ ఇంకా పెరిగింది. అది లేకపోతే చచ్చిన చోటే మళ్లీ మొక్కలు నాటి, మళ్లీ లెక్క రాసి, మళ్లీ బిల్లు పెట్టడం జరుగుతుంది.

మత్తు విముక్తి కేంద్రాల్లో ఇది ఇంకా సున్నితం. చికిత్స పూర్తిచేసిన వారిలో కొందరు మళ్లీ తాగుడికి మరలడం ఆ వ్యాధి స్వభావంలోనే ఉంది. మా కేంద్రం నుంచి వెళ్లినవారంతా మానేశారని రాసే సంస్థను మెచ్చుకునే అధికారి, నిజం రాసిన సంస్థను శిక్షిస్తున్నట్టే లెక్క. ఆరు నెలల తర్వాత ఎందరిని కలిశారు, ఎందరు మానేసి ఉన్నారు, తిరిగి మొదలుపెట్టిన వారిలో ఎందరు మళ్లీ కేంద్రానికి వచ్చారు అన్న మూడు అంకెలు చాలు. తిరిగి వచ్చారంటే కేంద్రం మీద నమ్మకం ఉందన్నమాట కాబట్టి, మూడో అంకె పెరగడం కొన్నిసార్లు మంచి సంకేతమే.

ఫొటోలు, విజయగాథలు పెట్టవచ్చా?

ఒకటి రెండు పెట్టవచ్చు, అవి సర్వేకు బదులు కానంత వరకు. అయితే రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, చిరునామా, బడి పేరు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. దానికి ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి వివరాలకు 2017 నాటి ప్రత్యేక చట్టం గోప్యత కల్పించింది. ముఖాన్ని మసకచేసి, ఊరి పేరు, తండ్రి వృత్తి, అన్నదమ్ముల సంఖ్య రాస్తే చిన్న ఊళ్లో అందరూ పోల్చేస్తారు. బియ్యం మూట అందుకుంటున్న ముసలివారిని వరుసగా నిలబెట్టి తీసే ఫొటోలు చట్టవిరుద్ధం కాకపోయినా, వాటి అవసరం మాకు ఇంతవరకు అర్థం కాలేదు.

ఒక్కొక్కరి మీద ఖర్చు పట్టణ సంస్థల కంటే ఎక్కువగా కనిపిస్తోంది. ఎలా సమర్థించుకోవాలి?

సమర్థించుకోకండి, విడమరిచి చెప్పండి. కాకినాడలో ఇల్లిల్లూ నడిచి తిరిగే కార్యకర్తకు, ముమ్మిడివరం అవతల లంకల్లో పంటు కోసం గంటల తరబడి రేవులో ఎదురుచూసే కార్యకర్తకు రోజుకు అయ్యే పని ఒకటి కాదు. ప్రయాణ ఖర్చును, సిబ్బంది వేతనాలను కార్యాలయ ఖర్చుతో కలిపేయకుండా సేవ చేరవేసే ఖర్చుగా వేరుగా చూపితే చాలు. వేతనాలు తక్కువ చూపించడం కోసం కార్యకర్తల చేత గౌరవ వేతనం పేరిట సగం జీతానికి పనిచేయించడం మాత్రం మంచి లెక్క కాదు. ఆ ఖర్చు మాయం కాలేదు, కార్యకర్త ఇంటి మీద పడింది.

పౌరులు మా లెక్కలు అడగవచ్చా? కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) రావచ్చా?

రెండూ జరగవచ్చు. సమాచార హక్కు చట్టం 2005లోని 2(హెచ్) సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే ప్రభుత్వేతర సంస్థ కూడా ప్రభుత్వ అధికార సంస్థ కిందికే వస్తుంది. గణనీయమంటే తప్పనిసరిగా సగానికి మించి ఉండాలని లేదని 2019 సెప్టెంబరులో డీఏవీ కళాశాల ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక 1971 నాటి కాగ్ విధుల చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, ఏడాదిలో 25 లక్షల రూపాయలకు తక్కువ కాకుండా, మొత్తం వ్యయంలో 75 శాతానికి తగ్గకుండా ప్రభుత్వ గ్రాంటు లేదా రుణం పొందిన సంస్థ ఖాతాలు కాగ్ ఆడిట్ పరిధిలోకి వస్తాయి.

సామాజిక తనిఖీ మాకు వర్తిస్తుందా?

ఉపాధి హామీ పనులకు వర్తించినట్టు అన్ని గ్రాంటు సంస్థలకూ తప్పనిసరిగా వర్తించదు. కానీ ఈ రాష్ట్రం ఆ విషయంలో దేశానికే దారి చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు 2006లో మొదలై, 2009లో వాటికోసం ప్రత్యేకంగా ఒక స్వతంత్ర సొసైటీ ఏర్పడింది. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి రికార్డును మనుషుల మాటతో సరిచూడడం, తేలిన విషయాలను మండల స్థాయి ప్రజావేదికలో అందరి ముందూ చదవడం ఆ పద్ధతి. దాన్ని స్వచ్ఛందంగా తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నివేదికను శాఖకు పంపేముందు, ఎవరి గురించి రాశారో వారి ఎదుట చదివి వినిపించండి. "నాకు మూడు నెలలు మందులు ఇచ్చారని రాశారు, ఇచ్చింది రెండు నెలలే" అని ఒకరు లేచి చెబితే ఆ సవరణ ఆడిటర్ పట్టుకోలేనిది. వ్యక్తుల పేర్లు బయటపడకూడని కార్యక్రమాలకు ఇది పనికిరాదు. అక్కడ సేవ పొందేవారి నుంచే ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని, వారి చేత చదివించి అభిప్రాయం తీసుకోవాలి.

ప్రభుత్వ రంగ కంపెనీల సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులకూ ఇదే పద్ధతా?

రాజమహేంద్రవరం, ఓడలరేవు ప్రాంతాల్లో ఓఎన్‌జీసీ ఉండడం వల్ల ఈ ప్రశ్న ఇక్కడ తరచుగా వస్తుంది. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ కింద వచ్చే ఈ డబ్బుకు వేరే నియమాలున్నాయి. గడచిన మూడేళ్ల సగటున 10 కోట్ల రూపాయలు, ఆపైన సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీ, కోటి రూపాయలు, ఆపైన వ్యయమై, పూర్తయి ఏడాది గడిచిన ప్రాజెక్టులకు స్వతంత్ర సంస్థ చేత ప్రభావ అంచనా వేయించాలని 2021 జనవరి సవరణ చెబుతోంది. కోటి లోపు ప్రాజెక్టులకు ఆ నిబంధన లేదు. మన ప్రాంతంలోని చిన్న సంస్థలకు వచ్చేది సాధారణంగా ఆ లోపు మొత్తమే కాబట్టి, అడగలేదని ఊరుకోకుండా పైన చెప్పిన పద్ధతిలోనే రాయడం మంచిది.

పని పూర్తయ్యాక ఎంతకాలం వరకు గమనించాలి?

పనిని బట్టి ఉంటుంది. సముద్రతీర మండలాల్లో ఉప్పునీటి వల్ల, చేపల, రొయ్యల చెరువుల వల్ల తాగునీరు పాడైన ఊళ్లలో పెట్టే శుద్ధి ప్లాంట్లను ప్రారంభోత్సవం రోజున కొలిచి లాభం లేదు. కనీసం రెండు వేసవులు గడవాలి. కాలువలకు నీరు ఆపేసిన నెలల్లో ప్లాంటు నడిచిందా, మెంబ్రేన్ (నీటిని వడకట్టే పొర) మార్చడానికి డబ్బు ఎవరిచ్చారు, క్యాను నీటి ధర ఎంత, దళితవాడ వారు అక్కడికే వచ్చి పట్టుకుంటున్నారా అన్నవి అప్పుడే తెలుస్తాయి.

సేవకు లెక్కలేమిటని మా సంస్థ పెద్దలు బాధపడుతున్నారు. ఏం చెప్పాలి?

వారు తరచుగా డొక్కా సీతమ్మ గారిని గుర్తుచేస్తారు. లంకల గన్నవరంలో ఏ వేళ ఎవరు వచ్చినా అన్నం పెట్టిన ఆ తల్లి ఎవరికీ నివేదిక ఇవ్వలేదన్నది నిజమే. ఆమె ఖర్చుచేసింది తన ఇంటి గింజలను. పక్కవారి పన్నులతో నడిచే వంటశాల వేరు. ఇప్పుడు ఆమె పేరుతోనే నడుస్తున్న బడి భోజన పథకానికి రోజువారీ హాజరు, బియ్యం నిల్వ, గుడ్ల లెక్క అన్నీ ఉన్నాయి, దానివల్ల ఆమె పేరుకు ఏ లోటూ రాలేదు.

నిధులిచ్చే శాఖలు ఏం మార్చుకోవాలి?

అసలు భారమంతా సంస్థల మీద వేయడం మాకు సమ్మతం కాదు. ఒకే వృద్ధాశ్రమం గురించి కేంద్ర శాఖ పోర్టల్‌లో ఒక నమూనా, జిల్లా కార్యాలయానికి మరొకటి, దాతలకు ఇంకొకటి నింపే గుమాస్తాకు, ఆశ్రమంలోని వృద్ధుల బరువు తగ్గుతోందా పెరుగుతోందా అని చూసే తీరిక ఎక్కడ ఉంటుంది? నమూనాలు తగ్గించి, కొలవవలసిన నాలుగైదు విషయాలను సంస్థలతో కూర్చుని ముందే తేల్చుకుని, గ్రాంటులోనే సర్వే ఖర్చుకు కొంత కేటాయించాలి. నిధులు ఏడాది చివర్లో విడుదల చేసి, ఏడాది పొడవునా జరిగిన పని ఫలితాన్ని అడగడం మానుకోవాలి. అన్నిటికంటే ముందు, వచ్చిన నివేదికను ఎవరో ఒకరు చదివి, ఒక్క ప్రశ్నైనా తిరిగి పంపాలి. ఎవరూ చదవరని తెలిసిన నివేదికలో గత ఏడాది పేరాలే మళ్లీ కనిపిస్తాయి.

నివేదిక ఏ భాషలో, ఎన్ని పేజీలు?

శాఖ కోరిన భాషలో ఒకటి, తెలుగులో తప్పనిసరిగా ఒకటి ఉండాలి. పది పేజీలు దాటనవసరం లేదు. తెలుగు ప్రతిని సంస్థ నోటీసు బోర్డు మీద, గ్రామ సచివాలయంలో ఉంచాలి.

మా దగ్గర పాత రికార్డులేవీ సరిగా లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతవాటిని ఇప్పుడు కల్పించి రాయకండి. ఫలానా సంవత్సరం నుంచి మాత్రమే కొలుస్తున్నామని మొదటి పేజీలోనే చెప్పండి. ఆ తర్వాత, ఈ నెల నుంచి చేరే ప్రతి వ్యక్తి పేరు పక్కన, చేరిన రోజు వారి పరిస్థితి ఏమిటన్నది ఒక గడిలో రాయండి. కంటి కేంద్రమైతే చూపు, కుట్టు కేంద్రమైతే నెల ఆదాయం, వృద్ధాశ్రమమైతే బరువు, వాడే మందులు. ఆ పక్కన ఆరు నెలలకు ఒకటి, ఏడాదికి ఒకటి చొప్పున రెండు ఖాళీ గడులు వదిలి, వాటిని నింపవలసిన తేదీలు ఇప్పుడే పెన్సిలుతో వేసి ఉంచండి. లంక ఊళ్లవారి తేదీలు ఆగస్టులో పడకుండా చూసుకోండి.